వాము నూనె, నాన్న కాళ్ళు

మూడేళ్ళపాటు నా ఒంటి నుంచి వాము వాసన వచ్చేది. కుంకుడుకాయతో తలంటుకున్నా, సున్నిపిండి పెట్టి రుద్దుకున్నా పోయేది కాదు. బస్సులో పక్కన కూర్చున్న పెద్దవాళ్ళు కాసేపు అటూ ఇటూ చూసి, "కడుపునొప్పేటమ్మా?" అని జాలిగా అడిగేవారు. మొదట్లో సిగ్గుపడి లేదని చెప్పేదాన్ని. తర్వాత తర్వాత అవునని ఒప్పేసుకునేదాన్ని. అవునంటే కిటికీ పక్క సీటు ఇచ్చేవారు.

డెబ్భైల చివరి సంవత్సరాలవి. విశాఖపట్నంలో, కొండమీది యూనివర్సిటీలో, రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. మన ఇళ్ళలో మందుగా వాడే మొక్కల్లో ఉండే సుగంధ తైలాలు నా విషయం. ఆకునో గింజనో నీళ్ళలో మరిగిస్తే ఆవిరితోపాటు నూనె కూడా లేచి వస్తుంది. దాన్ని చల్లార్చి పట్టుకోవాలి. అందులో ఏయే పదార్థాలున్నాయో విడదీయాలి. వాటిలో ఏది సూక్ష్మజీవుల్ని చంపుతుందో, ఎంత పలచన చేసినా చంపుతుందో తేల్చాలి. నిమ్మగడ్డి, వావిలాకు, తులసి, వాము. వీటితో మొదలుపెట్టాను. చివరికి వాము నన్ను పట్టుకుని వదల్లేదు.

మా నాన్న పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరు. నేను పుట్టకముందే అమ్మని తీసుకుని కోనసీమ నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగంలో చేరాడు. మా రెండు వైపులా కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. నాకు పరిశోధనలో సీటు వచ్చిన రోజు నాన్న వర్క్‌షాపులో అందరికీ మిఠాయి పంచి, "మా అమ్మాయి నూనెలు తీస్తదండి" అని చెప్పాడట. వాళ్ళంతా మేము గానుగ పెట్టామనుకున్నారు.

మొదటి ఏడాది ఎండాకాలంలో, డిపార్టుమెంటులో ఉన్న ఒకే ఒక పెద్ద గాజు కండెన్సరు నా చేతిలోనే పగిలింది. ఆవిరిని చల్లార్చి మళ్ళీ ద్రవంగా మార్చే గొట్టం అది. కొత్తది బొంబాయి నుంచి రావాలి. వచ్చేదాకా నా పని ఆగిపోయినట్టే. ఇంటికొచ్చి అన్నం కంచం ముందు కూర్చుని ఏడ్చాను.

"పగిలిందాని బొమ్మ గీసి చూపించు," అన్నాడు నాన్న.

గీశాను. లోపల ఆవిరి వెళ్ళే దారి, బయట చన్నీళ్ళు తిరిగే దారి. నాన్న చెయ్యి కడుక్కొచ్చి, కాగితాన్ని దూరంగా పెట్టి ఒకసారి, దగ్గరగా పెట్టి ఒకసారి చూశాడు.

"ఇంతేనా? దీనికేడుపెందుకమ్మలూ! ఇలాంటివి మా స్టీమింజన్ల దగ్గర పుట్టెడున్నాయి. గాజుతోనే చెయ్యాలని రూలేం లేదుగా?"

"లేదు నాన్నా. నూనె పాడవకుండా ఉంటే చాలు."

"అయితే చేసేద్దాం."

ఆ ఆదివారం ఇద్దరం పాతనగరంలో పాత సామాన్ల కొట్లకి వెళ్ళాం. విరగ్గొట్టిన ఓడల్లోంచి తీసిన సామాను అక్కడ గుట్టలు గుట్టలుగా పడి ఉండేది. నాన్న ఆ గుట్టల్లోంచి ఒక రాగి గొట్టాన్ని లాగి, ఒక చివర నోటితో ఊది, రెండో చివర అరచెయ్యి పెట్టి చూసి, ఇదే అన్నాడు. ఇంటి పెరట్లో దాని నిండా ఇసక దట్టించి, వేడి చేస్తూ, ఒక పాత డ్రమ్ము చుట్టూ మెల్లగా వంచాడు. ఇసక నింపకుండా వంచితే గొట్టం మడత దగ్గర నొక్కుకుపోతుందట. చుట్టలు చుట్టిన పాములా తయారైంది. దాన్ని నీళ్ళ తొట్టెలో నిలబెట్టి, కింద చివర తొట్టెలోంచి బయటికి తీశాడు. డిపార్టుమెంటు వెనక వరండాలో కిరసనాయిలు స్టవ్వు మీద పెద్ద డేగిసా పెట్టి, దాని మూతకి ఈ గొట్టం బిగించాం.

మొదటిసారి దిగిన నూనె ఆకుపచ్చగా వచ్చింది. మా గైడు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. సీసా వెలుతురులోకి ఎత్తి చూసి, "రాగి దిగుతోంది," అని మాత్రం అన్నారు. నాకు మళ్ళీ గుండె జారిపోయింది. నాన్నకి జారలేదు.

"పులుసు గిన్నెకి వేసినట్టు కళాయి వేసేద్దాం," అన్నాడు.

గొట్టం లోపల కళాయి ఎలా వేస్తారో నాకు అర్థం కాలేదు. నాన్న ఆ చుట్టని పొయ్యి మీద కాల్చి, తగరం అంటుకోవడానికి నవాసారం పొడి ఊది, కరిగించిన తగరం ఒకవైపు నుంచి పోసి, చుట్టని తిప్పుతూ తిప్పుతూ రెండో వైపు నుంచి ఒంపేశాడు. చెమటలు కారుతున్నాయి. అమ్మ పక్కన నిలబడి విసురుతూ, "కాలుద్దండీ, జాగ్రత్తండీ" అంటూనే ఉంది. ఆ తర్వాత దిగిన నూనె లేత పసుపు రంగులో, నీళ్ళమీద తేలుతూ, కళ్ళు మంటలెత్తించే వాము వాసనతో వచ్చింది. గైడు వరండాలోకి వచ్చి, వంగి, గొట్టాన్ని వేలితో తడిమారు.

"మీ నాన్నగారు ఇంకొకటి చేసిపెడతారేమో అడుగు. పక్క ల్యాబు వాళ్ళు దీని మీద కన్నేశారు."

ఆ మాట నాన్నకి చేరవేస్తే, ఆయన వెంటనే చొక్కా వేసుకుని పాత సామాన్ల కొట్లకి బయల్దేరాడు.

వాము నూనెలో సగం దాకా ఒకే పదార్థం ఉంటుంది. దాని పేరు థైమాల్. మిగతావి సైమీన్, టెర్పినీన్ అనే తేలికైన నూనెలు. థైమాల్‌ని విడదీయడానికి ఒక చక్కని ఉపాయం ఉంది. నూనెని కాస్టిక్ సోడా నీళ్ళతో కుదిపితే థైమాల్ నీళ్ళలోకి దిగిపోతుంది, మిగతావి పైన తేలుతాయి. కిందినీళ్ళని వేరుచేసి యాసిడ్ పోస్తే థైమాల్ మళ్ళీ బయటికి వస్తుంది. పుస్తకం ప్రకారం అది తెల్లని స్ఫటికాలుగా రావాలి. విశాఖ ఎండలకి నాకు మాత్రం నూనె బొట్లుగానే వచ్చి, అలాగే ఉండిపోయేది. చల్లదనం కావాలి. డిపార్టుమెంటు ఫ్రిజ్ ఆ నెల మంచం పట్టింది. అందుకని చేపల రేవుకి వెళ్ళాను.

రేవులో పడవల కోసం దిమ్మలు దిమ్మలుగా ఐసు ఆడించేవారు. అక్కడ యారాడ నుంచి వచ్చిన ఒకామె బుట్టలో చేపలకి ఐసు కొట్టించుకుంటోంది. నేను సంచీ చాపి ఐసు మాత్రమే అడిగితే వింతగా చూసింది.

"ఏటమ్మా, సేపల్లేకుండా ఐసొక్కటే అట్టుకెల్తన్నావేటి? ఇంట్లో పెల్లిగాని ఉందేటి?"

"కాదమ్మా, కాలేజీలో ఒక నూనె గడ్డకట్టించాలి."

"నూనె గడ్డకడితే ఏటొస్తాది?"

"మందు."

ఆమె నవ్వి, తన బుట్ట మీద కప్పిన తడిగోనెలో సగం చింపి నా సంచీకి చుట్టింది. "ఇలా కప్పుకో. నేకపోతే కాలేజీకెల్లేతలికి నీల్లే మిగుల్తాయి."

చేపల వాసన కొడుతున్న ఆ ఐసు మధ్య గాజు బీకరు నిలబెట్టాను. అడుగున గాజుకడ్డీతో గీస్తూ కూర్చున్నాను. చాలాసేపు ఏమీ లేదు. ఆశ వదులుకునే సమయానికి కడ్డీ తగిలిన చోట ఒక తెల్లని చుక్క పుట్టింది. దాన్నుంచి సూదులు, సూదుల్నుంచి రెక్కలు. చూస్తుండగానే బీకరు మొత్తం పటికబెల్లం పలుకుల్లా మెరుస్తూ నిండిపోయింది. నేను గట్టిగా అరిచాను. పక్క గదిలో వాళ్ళు ఏదో పేలిందనుకుని పరుగెత్తుకొచ్చారు.

కడిగి ఆరబెట్టి, చిన్న సీసాలో కొంచెం వేసుకుని ఇంటికి తెచ్చాను. అమ్మ మూత తీసి వాసన చూసింది.

"ఇదా? ఇది వామపువ్వే! మా అమ్మమ్మ కర్పూరంతో కలిపి పంటినొప్పికి పెట్టేది."

బజారులో దొరికే వామపువ్వూ, నా పుస్తకంలోని థైమాలూ ఒకటేనని నేను చదివాను. కానీ అమ్మ నోట ఆ పేరు వినేదాకా నాకు ఆ విషయం నిజంగా తెలిసినట్టు అనిపించలేదు. అమ్మ ఆ సీసాని పక్కింటావిడకి, ఎదురింటావిడకి చూపించి వచ్చింది. "మా అమ్మాయి చేసింది," అని చెప్పిందట. "తీసింది" అని సరిచెయ్యబోయి ఊరుకున్నాను.

ఇక చంపుతుందా లేదా అన్నది తేలాలి. ఈ పనికి మైక్రోబయాలజీలో ఒక స్నేహితురాలు దొరికింది. వన్‌టౌన్‌లో పుట్టి పెరిగిన క్యాథలిక్ అమ్మాయి. వాళ్ళమ్మ ఆసుపత్రిలో నర్సు. పొద్దున్న చర్చికి వెళ్ళి, అక్కణ్ణించి తిన్నగా ల్యాబుకొచ్చి పళ్ళేలలో బ్యాక్టీరియా పెంచేది. మూత ఉన్న గాజు పళ్ళెంలో జెల్లీలా గడ్డకట్టిన ఆహారం పోసి, దాని మీద సూక్ష్మజీవుల్ని పూసి, నూనెలో ముంచిన చిన్న కాగితపు బిళ్ళని మధ్యలో పెడతారు. మర్నాటికి పళ్ళెమంతా మసకగా బ్యాక్టీరియా పెరుగుతుంది. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ శుభ్రంగా గుండ్రటి ఖాళీ మిగులుతుంది. నూనెని కరిగించడానికి ఆల్కహాల్ వాడాం కాబట్టి, ఒక్క ఆల్కహాల్‌లో ముంచిన బిళ్ళ కూడా పక్కన పెట్టాలి. అదే కంట్రోలు. దాని చుట్టూ ఖాళీ రాకూడదు.

మర్నాడు పళ్ళేలు బయటికి తీసి ఆ అమ్మాయి నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"ఏటే ఇది? కంట్రోలు సుట్టూ కూడా ఏటీ పెరగనేదు! పల్లెం మొత్తం బోడి అయిపోనాది!"

మళ్ళీ చేశాం. మళ్ళీ అంతే. ఏ పళ్ళెంలోనూ ఏదీ బతకలేదు. చూసేవాళ్ళకి అది గొప్ప విజయంలా ఉంటుంది. మాకు మాత్రం అది ఏమీ చెప్పని ఫలితం. ఆల్కహాలే చంపిందేమో, జెల్లీయే చెడిపోయిందేమో ఎవరికి తెలుసు?

ఆ సాయంత్రం బస్సులో నా పక్కన ఒక పెద్దాయన అలవాటు ప్రకారం నా కడుపునొప్పి గురించి అడిగాడు. అప్పుడు తట్టింది. వాసన! మూతవేసిన పళ్ళెంలో నూనె ఆవిరై నిండిపోతోంది. బిళ్ళ తాకని చోట కూడా గాలిలోంచే బ్యాక్టీరియాని చంపేస్తోంది. మర్నాడు కంట్రోలు బిళ్ళల్ని వేరే పళ్ళేలలో, వేరే పెట్టెలో పెట్టాం. నూనె మోతాదు బాగా తగ్గించాం. ఈసారి కంట్రోలు చుట్టూ బ్యాక్టీరియా దట్టంగా పెరిగింది. నూనె బిళ్ళ చుట్టూ గిరిగీసినట్టు ఖాళీ. చీముపట్టించే బ్యాక్టీరియా మీద, చర్మం మీద పెరిగే బూజు మీద కూడా వాము పనిచేసింది. నిమ్మగడ్డి దాని తర్వాత. నేనెంతో ఆశపెట్టుకున్న వావిలాకు నూనె చాలా తక్కువ చేసింది. అదీ రాసుకున్నాను.

"నాను సెప్తన్నాను కదే," అంది నా స్నేహితురాలు, ఆ ఖాళీని స్కేలుతో కొలుస్తూ. "నువ్వూ నానూ కలిసి ఒక పెద్ద పని సేత్తన్నాం."

అప్పుడు మాకిద్దరికీ మనం చిన్నవాళ్ళం అన్న ఊహే లేదు.

ఆ సంతోషంలో నూనె సీసా ఒకటి ఇంటికి తెచ్చి, పళ్ళేలలో జరిగిందంతా అన్నం తింటూ చెప్పాను. నాన్న శ్రద్ధగా విన్నాడు. కాలి మీద పెరిగే బూజు కూడా చస్తుందా అని అడిగి మళ్ళీ చెప్పించుకున్నాడు. నేను ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో ఆలోచించలేదు.

అది వానాకాలం. వర్క్‌షాపులో, రేవులో మనుషులంతా రబ్బరు బూట్లు వేసుకుని తడిలోనే ఉండేవారు. అందరికీ కాలివేళ్ళ సందులు తెల్లగా పాసిపోయి, చీలి, దురద, మంట. నాన్నకీ ఉంది. మర్నాడు పొద్దున్న నాన్న ఆ సీసాలోని నూనెని అలాగే, ఏమీ కలపకుండా, రెండు కాళ్ళ వేళ్ళ సందుల్లో దట్టంగా పట్టించి, బూట్లు తొడుక్కుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

సాయంత్రం తోటి పనివాళ్ళిద్దరి భుజాల మీద చేతులేసి ఇంటికొచ్చాడు. బూట్లు తీస్తే వేళ్ళ మధ్య చర్మం ఎర్రగా ఉడికిపోయి, బొబ్బలు.

"ఎందుకు రాశావు నాన్నా?" అన్నాను.

"పురుగు చచ్చుద్దన్నావు కదమ్మలూ."

"పళ్ళెంలో! పళ్ళేనికి చర్మం ఉంటుందా, నొప్పి ఉంటుందా?"

"ఉండదనుకో," అని ఒప్పుకున్నాడు నాన్న. "కానీ ఘాటుందే! పోర్టులో ఇంత ఘాటు మందు ఎవరి దగ్గరా లేదు." పళ్ళు బిగబట్టి మంట ఓర్చుకుంటూ కూడా ఆ మాట గొప్పగా అన్నాడు. అమ్మ మమ్మల్నిద్దర్నీ కలిపి తిట్టింది.

నా స్నేహితురాలి అమ్మ మమ్మల్ని తాను పనిచేసే ఆసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన ముందు కాలిన గాయాలు మాన్పారు. వేళ్ళ సందుల్లో బూజు, దురద మాత్రం అలాగే ఉన్నాయి. తర్వాత నేను చేసిన పని మొత్తం అడిగి తెలుసుకున్నారు. అప్పటికి నేను, నూనె ఎంత పలచన చేస్తే బూజు ఇంకా చస్తుందో, ఎంతకి చావడం మానేస్తుందో ఒక్కో మెట్టు దిగుతూ కొలిచాను. కొబ్బరినూనెలో కలిపితే ఘాటు తగ్గుతుంది, కొంత బలమూ తగ్గుతుంది. అదీ కొలిచాను. డాక్టరు ఆ కొలతలు చూసి, నాన్న వైపు తిరిగి అడిగారు.

"మీకభ్యంతరం లేకపోతే ఎడమ కాలికి మీ అమ్మాయి మందు, కుడి కాలికి నా మందు. సరేనా?"

"రెండింటికీ అమ్మాయిదే రాయండి," అన్నాడు నాన్న.

"అలా కుదరదండి," అని డాక్టరూ నేనూ ఒకేసారి అన్నాం.

సెలవు పెట్టించి ఇంట్లో కూర్చోబెట్టాం. రోజూ పొద్దున్న అమ్మ ఎడమ కాలికి ఒకటి, కుడి కాలికి ఒకటి రాసేది. రెండు కాళ్ళూ కలిసికట్టుగా మానాయి. నాన్న ఎడమ కాలే ముందు మానిందని వాదించాడు గానీ, నేను రోజూ చూశాను, తేడా లేదు. డాక్టరు గారి మందుతో సమానంగా నిలబడిందని నేను ఉబ్బిపోయి స్నేహితురాలికి చెప్పాను.

"మీ నాన్న అన్నాల్లూ ఇంట్లో ఉన్నాడు కదే. కాల్లు పొడిగా ఉన్నాయి. పొడిగా ఉంటే ఏ మందూ నేకుండా కూడా మానిపోనాయేమో? ఏదీ రాయని కాలు ఏదే? మీ నాన్నకి మూడో కాలు నేదు కదా, కంట్రోలుకి!"

ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. నవ్వాక నేను కాసేపు డీలాపడ్డాను. తర్వాత నాన్న పాత బూటు లోపలిభాగం గీకి రెండు పళ్ళేలలో వేశాను. ఒకటి తడిగా ఉంచాను, ఒకటి ఎండబెట్టాను. తడిదాంట్లో దూదిలాంటి బూజు మూతని తాకేదాకా పెరిగింది. ఎండినదాంట్లో ఏమీ లేదు.

నాన్న డ్యూటీలో చేరగానే వర్క్‌షాపంతా ఆయన కాళ్ళ చుట్టూ చేరింది. "బావా, ఏటి రాసినావు? మాకూ కాసింత ఇప్పించు బావా" అని ఒకటే పోరు. నాన్న ఇంటికొచ్చి, "నువ్వే వచ్చి చెప్పమ్మలూ. నేను చెబితే నాలాగే రాసేసుకుంటారు," అన్నాడు.

భోజనాల వేళ ఫోర్‌మన్ అనుమతితో వెళ్ళాను. కమ్మరి పొయ్యిల పక్కన షెడ్డులో, చెక్కపెట్టెల మీద, రైలుపట్టా ముక్కల మీద మనుషులు క్యారేజీలు విప్పుకుని కూర్చున్నారు. నా జీవితంలో నేను చెప్పిన మొదటి పాఠం అదే. టేపు వేసి మూసిన పళ్ళేలు రెండూ చేతికిచ్చి చూడమన్నాను. తడిబూటు పళ్ళెం ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళుతుంటే ముఖాలు ముడుచుకున్నాయి.

"ఇదెవుడి బూటమ్మా?" అన్నాడొకాయన.

నాన్న తల దించుకున్నాడు. షెడ్డు గొల్లుమంది.

"ఈ నూనె బూజుని చంపుతుంది," అన్నాను. "కానీ అచ్చంగా రాస్తే మనిషిని కూడా కాలుస్తుంది. మా నాన్నని అడగండి. పలచన చేసి రాస్తే మేలు చెయ్యొచ్చు. అయినా పొద్దున్న చంపి, మళ్ళీ తడిబూటులో కాలు పెడితే సాయంత్రానికి కొత్తది మొలుస్తుంది. ముందు బూటు ఆరాలి."

"బూటు ఆరాలంటే ఎండుండాలి కదా. వానాకాలం ఎండెక్కడొస్తాదమ్మా?"

తెలీదనే చెప్పాను. నాన్న మాత్రం అప్పటికే కమ్మరి పొయ్యి వెనక గోడ వైపు చూస్తున్నాడు. ఆ గోడ ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. ఆ వారంలోనే అక్కడ పైపు ముక్కలు వెల్డింగు చేసి, బూట్లు బోర్లించి తగిలించే స్టాండు నిలబెట్టారు. డ్యూటీ దిగేవాడు తగిలించి వెళితే మర్నాటికి లోపలంతా పొడి. డాక్టరు గారినడిగి, పలచన చేసిన నూనె సీసాలు కూడా నాన్న చేత పంపాను. ఆ వానాకాలం చివరికి పాసిన కాళ్ళు బాగా తగ్గాయని ఫోర్‌మన్ నాన్నతో అన్నాడట. అందులో నా నూనె పాలెంతో, గోడ పాలెంతో నేను చెప్పలేను. కానీ ఆ స్టాండు చూసినప్పుడల్లా, నా పళ్ళెంలో మొదలైన ఒక సంగతి ఇనుమై నిలబడిందని ఛాతీ పొంగేది.

చివరి ఏడాది గైడు ఒక మంచి ప్రశ్న ఇచ్చారు. థైమాల్‌లో చంపేది ఏ భాగం? దాని అణువుకి ఒక మూల ఆక్సిజనూ హైడ్రోజనూ కలిసిన చిన్న జంట ఉంటుంది. ఆ హైడ్రోజన్ స్థానంలో వేరేది తగిలించి ఆ మూలని మూసేశాను. మిగతా అణువంతా మునుపటిలాగే ఉంది. అయినా పళ్ళెంలో దాని బలం బాగా పడిపోయింది. నాన్నకి చెబితే తడుముకోకుండా అన్నాడు.

"క్రేను ఎంత పెద్దదైతే ఏం లాభం? కొక్కెం కట్టేస్తే బరువెత్తదుగా."

తర్వాత దువ్వాడ దగ్గర కాలేజీలో పాఠాలు చెప్పిన రోజుల్లో ఈ భాగం రాగానే నేను ఆ మాటే వాడేదాన్ని. పక్కనే ఉక్కు కర్మాగారం వాళ్ళుండే ఉక్కునగరం నుంచి వచ్చే పిల్లలకి క్రేను గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఎనభైలు మొదలయ్యాక, థీసిస్ మీద అందరి ముందూ ప్రశ్నలడిగే నా వైవా జరిగింది. నాన్న తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని, తోలు బూట్లు లేక అరువు తెచ్చుకుని, వెనక వరసలో కూర్చున్నాడు. పరీక్షించడానికి వేరే రాష్ట్రం నుంచి ఒక పెద్ద ప్రొఫెసరు వచ్చారు. అంతా ఇంగ్లీషే. కంట్రోలు గురించి అడిగారు. ఆవిరి సంగతి, వేరే పెట్టెల సంగతి చెప్పాను. మొదటి పళ్ళేలన్నీ పనికిరానివని ఎందుకు ఒప్పుకున్నావన్నారు. ఒప్పుకోకపోతే వాటి తర్వాతవి అర్థమయ్యేవి కావన్నాను. చివరికి, మనుషుల మీద వాడి చూశావా అని అడిగారు.

"ఒకే ఒక మనిషి రెండు కాళ్ళ మీద సార్. మా నాన్నగారివి. రెండూ మానాయి. కానీ ఏదీ రాయని కాలు లేదు కాబట్టి అది లెక్కలోకి రాదు. అందుకే థీసిస్‌లో రాయలేదు."

హాలు నవ్వింది. ఇంగ్లీషులో "ఫాదర్" అనీ "ఫీట్" అనీ విని నాన్న గబుక్కున కాళ్ళు బెంచీ కిందకి లాక్కున్నాడు. ఆ ప్రొఫెసరు మాత్రం నవ్వలేదు. కళ్ళజోడు తీసి, బల్ల మీద పెట్టి, "రాయకపోవడం ఈ థీసిస్‌లో నాకు బాగా నచ్చిన విషయం," అన్నారు. మా గైడు కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ నిలబడ్డారు. ఆయన అలా అటు తిరిగి నిలబడితే సంతోషంగా ఉన్నట్టు.

బయటికొచ్చాక నా స్నేహితురాలు నన్ను ఎత్తి తిప్పింది. "అయిపోనాదే! అయిపోనాది!" నాన్న నా చేతిలో పుస్తకాలు తీసుకుని తను పట్టుకున్నాడు. ఇద్దరం కొండ దిగి బస్సెక్కాం. బస్సు కిటకిటలాడుతోంది. నాన్న నిలబడి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో పుస్తకాలు గుండెకి అదిమి పెట్టుకుని ఉన్నాడు. కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగాడు.

నాన్న గొంతు సవరించుకుని, బస్సంతా వినబడేలా చెప్పాడు.

"పోర్టు క్వార్టర్స్‌కి రెండు టిక్కెట్లివ్వు బాబూ. ఒకటి డాక్టరు గారికి, ఒకటి వాళ్ళ నాన్నకి."